రాకాసికి కాపలా కొలువు

మాచర్ల దాటి విజయపురి సౌత్ వైపు వెళ్తుంటే అనుపు వస్తుంది. మెట్లుమెట్లుగా దిగే రాతి రంగస్థలం అక్కడి ఆకర్షణ. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో తవ్వితీసిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విప్పి గట్టు మీదికి చేర్చారు. కొన్ని నాగార్జునకొండ ఎక్కాయి, కొన్ని అనుపులో దిగాయి. చూడవచ్చినవాళ్లు రంగస్థలంలో నిలబడి చప్పట్లు కొడతారు, ప్రతిధ్వని వింటారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. దానికి తోడుగా ఉన్న హారీతి గుడిని పట్టించుకునేవాళ్లు తక్కువ. సుమారు 1700 ఏళ్ల నాడు విజయపురి జనం కొలిచిన ఈ హారీతి పుట్టుకతో దేవత కాదు. పిల్లల్ని తినే యక్షిణి.

బౌద్ధ కథ ప్రకారం ఆమెది రాజగృహం. ఐదు వందల మంది పిల్లల తల్లి. తన సంతానాన్ని సాకడానికి ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోయేది. జనం వెళ్లి బుద్ధుడి కాళ్ల మీద పడ్డారు. ఆయన ఆమె కడగొట్టు కొడుకు ప్రియంకరుణ్ణి తన భిక్షాపాత్ర కింద దాచేశాడు. హారీతి ఏడు రోజులు లోకమంతా గాలించి, గుండెలు బాదుకుంటూ చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. ఐదు వందల మందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకింత దుఃఖమైతే, ఒకరో ఇద్దరో ఉన్న తల్లుల సంగతేమిటని బుద్ధుడు అడిగాడు. ఇక ఎవరి బిడ్డ జోలికీ పోనని ఆమె మాటిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. మరి నా పిల్లలు ఏం తినాలి అని అడిగింది.

కథలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. పశ్చాత్తాపం పడిన రాకాసి కూడా ఇంటి ఖర్చు లెక్క మర్చిపోలేదు. బుద్ధుడూ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. ప్రతి విహారంలోనూ భిక్షువులు తినేముందు ఆమెకు, ఆమె పిల్లలకు ముద్ద తీసిపెట్టాలని ఏర్పాటు చేశాడు. ఆమె వంతుగా విహారాన్నీ చంటిపిల్లల్నీ కాపాడాలి. ఏడో శతాబ్దం చివర మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, విహారాల్లో వసారా దగ్గరో భోజనశాల మూలనో చంకలో బిడ్డతో హారీతి బొమ్మ ఉంటుందనీ, రోజూ దాని ముందు అన్నం పెడతారనీ రాసుకున్నాడు. జపాన్‌లో ఆమెను ఇప్పటికీ కిషిమొజిన్ పేరుతో కొలుస్తున్నారు. అక్కడ ఆమె చేతిలో దానిమ్మ పండు ఉంటుంది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద రాకాసుల కథలు ఏరుకుంటూ వెళ్తే ఈ హారీతి ఒప్పందమే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఇంగ్లండు వాళ్ల బేవుల్ఫ్ కావ్యంలో గ్రెండెల్ అనే రాకాసికి చెయ్యి తెగి చావడమే రాసిపెట్టి ఉంది. సెయింట్ జార్జి డ్రాగన్‌ను బల్లెంతో పొడుస్తాడు, హెర్క్యులిస్ హైడ్రా తలలు నరుకుతాడు. మన దగ్గరా సంహారాలున్నాయి, లేవని కాదు. అవి ఎక్కువగా పురాణాల్లో జరుగుతాయి. ఊళ్లో మాత్రం రాకాసితో జీతం మాట్లాడుకుని గుమ్మంలో కూచోబెడతారు.

అమరావతి స్తూపం పలకలు చూడండి. బుద్ధుడి ధాతువులున్న ఎనిమిది తొలి స్తూపాల్లో ఏడింటిని అశోకుడు తెరిపించాడనీ, ఎనిమిదోదైన రామగ్రామ స్తూపాన్ని నాగులు కాపలా కాస్తుంటే ముట్టుకోలేక వెనుదిరిగాడనీ కథ. అమరావతి శిల్పి ఆ స్తూపాన్ని పడగలు విప్పిన పాములు చుట్టలు చుట్టుకున్నట్టు చెక్కాడు. ప్రాకారం మీది పొడవాటి పూలదండ మకరం నోట్లోంచి బయటికొస్తుంది. మకరమంటే మొసలి మూతి, ఏనుగు తొండం, చేప తోక కలిసిన జలచరం. దాన్ని కూడా మాలకట్టేవాడి పనిలో పెట్టేశారన్నమాట. అయితే ఇంతమంది కాపలాదారులున్నా స్తూపం మిగల్లేదు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టుబడి రాళ్ల కోసం దిబ్బ తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి పలకల్ని మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా పలకలు 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు మన మకరాలు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరులో, మిగిలినవి ఊళ్లోని మ్యూజియంలో డ్యూటీ చేస్తున్నాయి.

నాగులతో ఒప్పందం మాత్రం ఏటా కొత్తగా రాసుకుంటూనే ఉన్నారు. కార్తీకంలో నాగులచవితి నాటికి పత్తి తీతలు సాగుతుంటాయి, మిరప చేలల్లో కలుపు తీస్తుంటారు. పాము మీద కాలు పడే రోజులవి. పుట్టలో పాలు పోసి చలిమిడి, చిమ్మిలి పెట్టే ఆడవాళ్లు మోక్షం అడగరు. తెలియక తోక తొక్కితే మావాళ్లేనని ఊరుకో అని అడుగుతారు.

గుమ్మం మీద తల

గుడి తలుపు పైనా దేవుడి వెనక తోరణం నడినెత్తినా గుడ్లు మిటకరించి, కోరలు చూపిస్తూ ఒక తల ఉంటుంది. ఒళ్లు ఉండదు. కీర్తిముఖం అంటారు. శివుడి కోపంలోంచి పుట్టిన భూతం ఆకలో అని అలమటిస్తే, నిన్ను నువ్వే తిను అన్నాడట. అది కాళ్ల నుంచి మొదలుపెట్టి మొండెం దాకా తినేసింది. ఆ విధేయతకు మెచ్చి శివుడు దాన్ని తన వాకిట శాశ్వతంగా నిలబెట్టాడు. ఇండోనేషియాలో జావా గుళ్ల గుమ్మాల మీద కనిపించే కాలముఖం దీని చుట్టమే. గ్రీకులు మెడూసాను నరికారు గానీ నరికిన తలను పారెయ్యలేదు. ఎథీనా దేవత డాలుకు బిగించారు. చచ్చాక కొలువిచ్చారు.

గుంటూరు చుట్టూ కొత్తగా లేస్తున్న ఏ కాలనీలోనైనా తలెత్తి చూడండి. స్లాబు పడీ పడకముందే కోరమీసాలు, బయటికొచ్చిన నాలుక, ఎర్రటి కళ్లతో రాకాసి ముఖం వేలాడుతుంటుంది. పక్కన బూడిద గుమ్మడికాయ. కీర్తిముఖానికి ఇది ప్లాస్టిక్ వారసుడని నా నమ్మకం. చేలో దిష్టిబొమ్మకు ఇంకా చౌక, పాత చొక్కా, గడ్డి, బోర్లించిన కుండ, సున్నం బొట్లు చాలు.

కొన్ని రాకాసుల దగ్గర దిష్టిబొమ్మ ఆటలు సాగలేదు. 1987లో గుంటూరు, ప్రకాశం పత్తి చేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టి, అప్పుల్లో కూరుకుపోయి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగితే తోటలకు తోటలే దున్నేశారు. అమ్మవారి పేరు పెట్టి మశూచికి కూడా గుడి కట్టిన జనం ఈ పురుగులకు మాత్రం ఎక్కడా గుడి కట్టలేదు.

ఊరికి కాపలా పోతురాజుది. గంగానమ్మ గుడి ముందో పోలేరమ్మ గుడి ముందో రాయిగానో కర్రగానో నిలబడి ఉంటాడు, అమ్మవారికి తమ్ముడు. కారంపూడిలో ఇదే పద్ధతి ఇంకాస్త పెద్ద ఎత్తున సాగింది. 12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున పల్నాటి యుద్ధం జరిగింది. అయినవాళ్ల చేతుల్లో, ఆయుష్షు తీరకుండా, కోపంతో చచ్చిన వీరులు లెక్క ప్రకారం దెయ్యాలు కావలసినవాళ్లు. పల్నాడు ఆ వీరులకు గుడి కట్టింది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ యుద్ధం మొత్తాన్ని మళ్లీ నడిపిస్తారు. ఆ వీరుల్ని కొలిచే వీరాచారవంతులు తమ వీరుడి ఆయుధాన్ని మోసుకుంటూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చచ్చినవాళ్లకు సంవత్సరానికి ఒకసారి తమ మాట చెప్పుకునే వీలు దొరుకుతుంది. 800 ఏళ్లు దాటినా ఈ ఒప్పందం చెక్కుచెదరలేదు.

తడిదీ పొడిదీ కానిది

ఒప్పందం ఉన్నచోట లొసుగు కూడా ఉంటుంది. మంగళగిరి కొండ కథ అక్కడే నడుస్తుంది. నముచి అనే రాక్షసుడు తడి వస్తువుతో గానీ పొడి వస్తువుతో గానీ తనకు చావు ఉండకూడదన్న వరంతో చెలరేగిపోయాడనీ, భయపడి ఈ కొండ గుహలో దూరితే విష్ణువు సుదర్శనంతో అంతం చేశాడనీ స్థలపురాణం. ఈ నముచి కొత్తవాడు కాదు, రుగ్వేదంలోనే ఉన్నాడు. అక్కడ ఇంద్రుడు వాణ్ణి నురగతో చంపుతాడు. నురగ తడీ కాదు, పొడీ కాదు. పగలూ రాత్రీ కాని వేళ చూసి చంపాడని తర్వాతి కథలు చెబుతాయి. ఇదే పద్ధతి హిరణ్యకశిపుడి వరంలో ఎలా వాడుకున్నారో మనకు తెలుసు. గుంటూరు కోర్టు ప్లీడర్లు ఈ రెండు కేసులనూ ముచ్చటపడి చదవొచ్చు, పత్రంలో రాయనిదంతా కక్షిదారుకు చేటే.

రాక్షసుడు చచ్చాక అసలు చిక్కు మొదలైంది. చంపిన నరసింహుడి ఉగ్రం తగ్గలేదు. అందుకని ఆయనతోనూ ఒక ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో బెల్లం పానకం. పానకాలస్వామి నోట్లో ఎంత పానకం పోసినా సగం తాగి సగం ప్రసాదంగా వెనక్కిస్తాడని భక్తుల నమ్మకం. అంత బెల్లం ఒలికినా అక్కడ చీమ కనపడదని చెప్పుకుంటారు. ఇది ఒకప్పటి అగ్నిపర్వతమనీ, గంధకాన్ని బెల్లం నీళ్లు చల్లారుస్తాయనీ ఇంకో మాట ప్రచారంలో ఉంది. దేవుడైతేనేం, రాకాసైతేనేం, కోపంగా ఉన్నవాళ్లకు తియ్యటి నీళ్లివ్వాలన్న లోకజ్ఞానం నాకు ఈ శాస్త్రం కన్నా నచ్చుతుంది.

సున్నం అడిగే ఆడమనిషి

దెయ్యాల కథలకు ఈ మైదానంలో సరైన కాలం మిరప కళ్లాల కాలం. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా కోసిన కాయ కళ్లంలో ఎర్రగా పరుచుకుని ఉంటుంది. దొంగభయం ఉంటుంది, మబ్బు భయం ఉంటుంది. మంచాలు వేసుకుని రాత్రుళ్లు అక్కడే పడుకుంటారు. ఆరిన కాయ ఇంకా టిక్కీలనే బస్తాల్లోకి ఎక్కలేదు, తాలు ఇంకా ఏరలేదు, నిద్ర రాదు. అప్పుడు మొదలవుతాయి. చెరువు గట్టున నిప్పు మొహంతో తిరిగే కొరివి దెయ్యం, చింతచెట్టు మీది కామినీ దెయ్యం, చదువెక్కువై చెడిన బ్రహ్మరాక్షసి. ఒంటరిగా పోయేవాణ్ణి దారికడ్డమొచ్చి తాంబూలానికి సున్నం అడిగే తెల్లచీర ఆమె మరీ ఫేమస్. కేరళ యక్షి అడిగేదీ సున్నమే. తలగడ కింద ఇనుప ముక్క, మంచం కింద చెప్పు, చేతిలో వేపమండ ఉంటే అవి దగ్గరికి రావంటారు.

వీటన్నిటి కంటే మొనగాడు ఎండుమిరపకాయే. గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలు పట్టుకుని పిల్లాడి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. కోరు వచ్చి ఇల్లంతా దగ్గితే దిష్టి లేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే. ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చే పోయే లారీల బంపర్లకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతుంది. ముందు మిరపకాయ, వెనక మిరప టిక్కీలు. ఇంతకీ మిరప మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టిన పంట, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల వెంట మన దేశానికి వచ్చింది. అంటే మన అమ్మమ్మలు వేదకాలం నాటిదనుకునే ఈ దిష్టి తంతు ఈ రూపంలో 500 ఏళ్ల లోపుది. తిరగమోతతో పాటు భూతవైద్యంలోనూ కొత్త పంటను కలిపేసుకున్న ఆడవాళ్ల తెలివిని మెచ్చుకోవాలి.

ఆడవాళ్ల మాట వచ్చింది కనక ఒక సంగతి. ఈ కథల్లో దెయ్యాలు నూటికి తొంభై ఆడవే ఎందుకయ్యాయి? బాలింత దెయ్యం, ఉరేసుకున్న కోడలు, బావిలో పడ్డ పిల్ల. ఉత్తరాదిన చుడేల్, మలేషియా, ఇండోనేషియాల్లో పోంటియానాక్ కూడా కాన్పులో చచ్చిన ఆడవాళ్లే. మెక్సికోలో నది ఒడ్డున ఏడుస్తూ తిరిగే లా యొరోనా కూడా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి. మందూ మంత్రసానీ అందక ఎంతమంది పోయారో ఏ రికార్డూ లేని కాలంలో ఈ కథలే వాళ్ల లెక్క. హారీతికి రోజూ ముద్ద దక్కింది. బాలింతకు వేపమండ దెబ్బలు దక్కాయి. ఆ దెబ్బలు కథలో దెయ్యం మీద పడినా, చివరికి గాలి సోకిందన్న పేరుతో బతికున్న ఆడదాని ఒంటి మీదే పడ్డాయి. కళ్లం కబుర్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

కొందరి విషయంలో ఊళ్లు దిద్దుకున్నాయి. అత్తింటి ఆరళ్లు పడి అర్ధాంతరంగా వెళ్లిపోయిన ఆడవాళ్లను పేరంటాళ్లుగా నిలిపి గుళ్లు కట్టారు. కృష్ణ అవతల పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు ఇటు గుంటూరు వైపు నుంచీ బండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు.

తెనాలి భూతాలు

ఈ బేరసారాలన్నిటినీ ఎదిరించినవాళ్లూ ఇక్కడివాళ్లే. త్రిపురనేని రామస్వామి తెనాలిలో సూతాశ్రమం పెట్టుకుని రాక్షసుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. పురాణాల్లో రాక్షసులంటే ఓడిపోయిన దక్షిణాది జనమేనన్నది ఆయన వాదం. ‘శంబుక వధ’, ‘సూతపురాణం’ ఆ వాదంలోంచే వచ్చాయి. పురపాలక సంఘం అధ్యక్షుడిగా ఉండగా గంగానమ్మకు జంతుబలి ఆపించాడు. కాపలాదారు జీతం కోసేశాడన్నమాట. ఆ గొడవలో పదవి కూడా పోగొట్టుకుని మళ్లీ సంపాదించుకున్నాడు.

అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే అదే ఊరి పేరు మోసిన రామకృష్ణ కవి వెయ్యి ముఖాల కాళిని చూసి భయపడకుండా నవ్వాడని కథ. ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే తుడుచుకోలేక చస్తున్నాం, నీకు వెయ్యి ముక్కులు, చేతులేమో రెండు అన్నాడట. దేవుణ్ణీ దెయ్యాన్నీ ఇంత చనువుగా పలకరించే గాలి ఆ ఊళ్లో ఉందేమో.

ఎందుకంటే 20వ శతాబ్దంలో తెలుగు పిల్లలకు భూతాల్ని చేసిపెట్టిన కార్ఖానా కూడా తెనాలి మనుషులదే. 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి ఇద్దరిలో చక్రపాణి తెనాలివాడు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. తెనాలి పక్కన పెదగాదెలవర్రులో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం అందులో అరుదైన సీరియళ్లు రాశాడు. కుటుంబరావు మార్క్సిస్టు, తర్వాత విప్లవ రచయితల సంఘం (విరసం)లో పనిచేశాడు. దెయ్యాల్ని నమ్మడానికి ఆయన దగ్గర కారణమేమీ లేదు. కానీ నెలనెలా ఒక బేతాళుడు శవంలోంచి కొత్త కథ చెప్పాలి, చివర చిక్కు ప్రశ్న వెయ్యాలి. 11వ శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన బేతాళ కథలు ఇరవై ఐదే. ‘చందమామ’ వాటిని దాటి దశాబ్దాల తరబడి కొత్త కథలు పుట్టించింది.

బేతాళుడిలో నాకు నచ్చేది అతని షరతు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రాకాసి ఇక్కడ పరీక్ష పెట్టే మాస్టారయ్యాడు. న్యాయమేదో తెలిసినవాడు నోరు మూసుకోవడం నేరమని పదేళ్ల పిల్లలకు చెప్పడానికి హేతువాదికి కూడా ఒక భూతం కావలసి వచ్చింది. భుజాన శవంతో కత్తి పట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మను తరతరాలకు గుర్తుండేలా గీసిన శంకర్ 2020లో తన 97వ ఏట కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు.

తెనాలి నుంచి రేపల్లె దారిలో భట్టిప్రోలు ఉంది. విక్రమార్కుడి మంత్రి భట్టి పేరు మీద ఊరు వెలిసిందని అక్కడి జనం చెబుతారు. ఊళ్లో ఒక పాత దిబ్బకు విక్రమార్క కోట దిబ్బ అనే పేరు. 1892లో అలెగ్జాండర్ రీ ఆ ఊళ్లో స్తూపం తవ్వితే రాతి పేటికలూ, వాటి మీద బ్రాహ్మి లిపిలో అతి పాత శాసనాలూ దొరికాయి. విక్రమార్కుడు వచ్చాడో లేదో గానీ, బేతాళుణ్ణి తెలుగులో మాట్లాడించినవాళ్లు పుట్టింది అక్కడికి కొన్ని మైళ్ల దూరంలోనే.

అదే చక్రపాణి, నాగిరెడ్డి విజయా సంస్థ మీద 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీశారు. నేపాళ మాంత్రికుడూ ఘటోత్కచుడూ ఒక్కరే, ఎస్.వి. రంగారావు. మొదటివాడు నరబలికి ఎదురుచూసే దుర్మార్గుడు, రెండోవాడు తమ్ముడి పెళ్లి చేయించడానికి వచ్చిన రాక్షసుడు. ప్రేక్షకులు ఘటోత్కచుణ్ణి దత్తత చేసుకున్నారు. పనికొచ్చే రాకాసి మీద మనకున్న మమకారం అది.

దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ కాలంలో పిల్లలకు తెలియదు, సీరియళ్ల మీద వేసేవాళ్లు కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘మకర దేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసి లోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ దాకా రెండు దశాబ్దాలకు పైగా ఆయన రాశాడు. చిత్రకారుడు చిత్రా వాటికి బొమ్మలు వేశాడు. అందులోని వికృతాకారాలు ఏ పురాణంలోనివీ కావు, ఆయన సొంత సృష్టి. ఆ రాకాసుల్లో ఎవరితో పోరాడాలో, ఎవరితో రాజీ పడాలో కుర్రాళ్లు సొంత బుర్రతో తేల్చుకోవాల్సిందే. ఆయన 2010లో పోయాడు. ‘చందమామ’ కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. సీరియళ్లు మాత్రం పుస్తకాలుగా వచ్చాయి. పదేళ్ల పిల్లలున్న ఇంట్లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టండి, ‘రాకాసి లోయ’ రెండోది.